మేడకొక్క నిచ్చెన

మా మావయ్య జీవితంలో నిచ్చెన కొనలేదు. సుత్తి కొనలేదు, ఇస్త్రీ పెట్టె కొనలేదు, చివరికి గొడుగు కూడా కొనలేదు. ఒక వస్తువు మేడలో ఎవరో ఒకరింట్లో ఉందని తెలిస్తే చాలు, అది తన ఇంట్లో కూడా ఉండటం ఘోరమైన నేరం అనేవాడు. కావాల్సి వచ్చినప్పుడు చెప్పులేసుకుని వెళ్ళి తలుపు కొట్టేవాడు. పని కాగానే శుభ్రంగా తుడిచి తిరిగిచ్చేవాడు. మా మేడలో పిల్లా పెద్దా అందరికీ ఆయన అరువు మావయ్య. నాకు మాత్రం సొంత మేనమామ కాబట్టి, ఆ పేరు వినబడ్డప్పుడల్లా మొహం ఎక్కడ దాచుకోవాలో తెలిసేది కాదు. ఇప్పుడు ఆయన లేడు గనక ధైర్యంగా రాస్తున్నాను. ఉండి ఉంటే, "అమ్మాయ్, నా కథకి ఎన్ని కాగితాలు? ఆ కాగితాలకి ఎంత పొగ?" అని ప్రాణం తీసేవాడు.

పొగ ఆయన ఊతపదం. మనకి కత్తెరలో కత్తెర కనిపిస్తుంది, మావయ్యకి దాని వెనక పొగ గొట్టం కనిపించేది. ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర బొగ్గు ఎత్తిపోసి రిటైరైన మనిషి. "ఏడు జన్మలకి సరిపడా పొగ నేనొక్కణ్ణే పైకి పంపాను. ఇక మిగిలిన రోజుల్లో తగ్గించడమే నా పని," అనేవాడు. పై అంతస్తులో ఉంటూ కూడా లిఫ్టు ఎక్కేవాడు కాదు. మెట్ల మీద నెమ్మదిగా ఎక్కుతూ, లిఫ్టులో వెళ్తున్నవాళ్ళ వైపు జాలిగా చూసేవాడు.

ఒకసారి మూడో అంతస్తు బ్యాంకు ఆయన గోడకి బెజ్జాలు పెట్టే మిషను కొన్నాడు. మావయ్య పరామర్శకి వెళ్ళినట్టు వెళ్ళాడు.

"ఎందుకు కొన్నారు బాబూ?"

"ఫోటో తగిలించడానికండీ."

"ఎన్ని ఫోటోలు?"

"ఒకటే."

"ఒక్క బెజ్జం కోసం ఎక్కడో గని తవ్వారు, ఇనుము కరిగించారు, ఓడెక్కించారు, లారీ ఎక్కించారు. ఇప్పుడు మీరు దీన్ని అటకెక్కిస్తారు. ఆ పొగంతా ఎవరు పీల్చాలి? ఫోటోలో ఉన్నాయనా?"

"ఆయన మా మావగారండీ. ఆయనకి పొగ పడదు," అన్నాడు బ్యాంకు ఆయన అమాయకంగా.

ఆ మిషను అటకెక్కలేదు. మావయ్య దాన్ని చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఆ వారం మా మేడలో బెజ్జం పడని గోడ లేదు. అద్దెకున్నవాళ్ళ గోడలు కూడా వదల్లేదు. ఇంటివాళ్ళు వచ్చి లబోదిబోమన్నారు.

ఇక సూట్‌కేసు సంగతి. మా మేడ మొత్తానికి పెద్ద సూట్‌కేసు ఒకటి చాలునని ఆయన తీర్మానం. ఒకరు ఊరెళ్ళొచ్చాక మరొకరు వెళ్ళాలి. ఒకసారి హెడ్మాస్టారూ, రెండో అంతస్తు టైలరూ ఒకేసారి ప్రయాణం పెట్టుకున్నారు. మావయ్య ఏమాత్రం తొణకలేదు. "ఇద్దరిదీ ఒకే రైలు కదా!" అని ఇద్దరి బట్టలూ ఒకే పెట్టెలో సర్దించాడు. టైలరు మధ్యలో దిగాడు, పెట్టెతో సహా. హెడ్మాస్టారు రైలెక్కిన చొక్కాతోనే మేనకోడలి పెళ్ళికి వెళ్ళి, అదే చొక్కాతో ఫోటోలు దిగి, అదే చొక్కాతో తిరిగొచ్చారు.

"క్షమించండి మాస్టారూ," అన్నాడు మావయ్య.

"మాట్లాడకండి."

"అది కాదు. ఒక్క చొక్కాతో పెళ్ళికి వెళ్ళి రావచ్చని ఇన్నాళ్ళకి మీరు నిరూపించారు. నా చేత కాలేదు."

హెడ్మాస్టారు చాలా కాలం ఆయన మొహం చూడలేదు.

మేమంతా నవ్వుకునేవాళ్ళం. కానీ ఆ పొగ గొడవ ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. మా అత్తయ్య కాపురమంతా ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లోనే గడిచింది. ఉతికి ఆరేసిన బట్టల మీద సాయంత్రానికి మసి పేరుకునేది. అత్తయ్య బట్టలు కుట్టేది. కుడుతూ దగ్గేది, దగ్గుతూ కుట్టేది. చివరి రోజుల్లో కుట్టడం మానేసింది, దగ్గు మాత్రం ఆమెను వదల్లేదు. "నేను పోసిన బొగ్గే అమ్మాయ్, దాని ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది," అన్నాడు మావయ్య ఒకసారి. డాక్టర్లు అలా అని ఎప్పుడూ చెప్పలేదు. ఆయన మాత్రం తనకి తానే శిక్ష వేసుకున్నాడు. అత్తయ్య పోయాక ఆ ఇంట్లోకి కొత్త వస్తువన్నది రాలేదు. ఉన్న కాసిని సామాన్లూ ఆమె కొన్నవే.

మా మేడలో కింది వాటా నర్సమ్మది. ఆస్పత్రిలో నర్సుగా చేసి మానేసింది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు. చదువు అయిపోయి, ఉద్యోగంలో చేరి, మొదటి సెలవుకి స్నేహితులతో ఏటికి ఈతకు వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఆ మాట రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి రాదు. వాణ్ణి తీసుకొచ్చిన రోజు మేడంతా ఆ గుమ్మం ముందే ఉంది. తర్వాత కొన్నాళ్ళు అందరం వంతులవారీగా అన్నం తీసుకెళ్ళాం. ఆ తర్వాత ఆవిడ తలుపు వేసుకుంది. పాపం, కదిలించకూడదు, ఒంటరిగా ఉండనిద్దాం అనుకుని ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం.

మా మావయ్య మాత్రం వెళ్ళి జల్లెడ అడిగాడు.

వినగానే నాకు తల కొట్టేసినట్టయింది. "మావయ్యా, నీకసలు బుద్ధుందా? చెట్టంత కొడుకుని పోగొట్టుకున్న మనిషిని జల్లెడ అడుగుతావా?"

"పిండి జల్లించుకోవాలి కదా అమ్మాయ్."

"నన్నడగొచ్చుగా!"

"నీ జల్లెడకి కన్నాలు పెద్దవి."

మర్నాడు మళ్ళీ జల్లెడే. ఆ మర్నాడు కత్తెర. తర్వాత గరిటె, పటకారు, గొడుగు. వాన లేని రోజున గొడుగు! పొద్దున వెళ్ళి తలుపు కొట్టి తెచ్చుకునేవాడు, సాయంత్రం వెళ్ళి తలుపు కొట్టి ఇచ్చొచ్చేవాడు. ఆవిడ ఒక్కోసారి ఎంతసేపటికీ తీసేది కాదు. ఈయన కదిలేవాడు కాదు. "చెల్లెమ్మా, గరిటె! పొయ్యి మీద కూర అడుగంటిపోతోంది!" అని మేడంతా మారుమోగేలా అరిచేవాడు. ఆ కూర మా ఇంట్లో వండిందే, ఆయన పొద్దున్నే తినేసిందే.

మేడంతా ముక్కున వేలేసుకుంది. మేడ సంఘం సెక్రటరీ గారు మీటింగు పెట్టారు. ఈ మనిషికి ఎవరూ ఏమీ అరువివ్వకూడదని ఒకరన్నారు. మందలించాలని ఒకరన్నారు. చివరికి హెడ్మాస్టారు, పాత చొక్కా సంగతి గుర్తొచ్చి కాబోలు, గట్టిగా చెప్పారు: "తలా కాస్త వేసుకుని ఆయనకే అన్నీ కొనిచ్చేద్దాం. పీడా విరగడవుతుంది."

ఆ ఆదివారం పొద్దున, కింద కార్లు పెట్టుకునే చోట, మావయ్యకి సన్మానం జరిగింది. నిగనిగలాడే ఎర్రటి ఇనప డబ్బా. అందులో సుత్తి, పానాలు, స్క్రూడ్రైవర్లు, కత్తెర, టేపు, సర్వం. పక్కనే కొత్త జల్లెడ, గరిటె, గొడుగు. అందరూ చప్పట్లు కొట్టారు. సెక్రటరీ గారు అంతటితో ఊరుకోలేదు. నర్సమ్మ ఇంటికి వెళ్ళి, "ఇక మీకు ఈయన బెడద ఉండదమ్మా. మేడ తరఫున నేను హామీ," అని చెప్పొచ్చారు. వస్తూ వస్తూ చేతుల నిండా సామాను పట్టుకొచ్చారు.

"ఏమండీ, ఈ కత్తెరా గరిటే అన్నీ మీవేనట కదా! ఆవిడే చెప్పింది. మీ వస్తువులు ఆవిడింట్లో పెట్టి మీరే రోజూ అడుక్కుంటున్నారా?"

అందరూ పగలబడి నవ్వారు. పెద్దవాడయిపోయాడు, మతి పోయింది అనుకున్నారు. నేను మాత్రం ఆ కత్తెర చూశాను. కాగితాలకి ఎవరూ వాడకూడదని అత్తయ్య దాని పిడికి ఎర్ర దారం చుట్టుకుంది. అత్తయ్య పోయాక మావయ్య దాన్ని నన్ను కూడా ముట్టుకోనివ్వలేదు.

మధ్యాహ్నం అన్నానికి రాలేదేమా అని వెతుక్కుంటూ వెళ్తే, మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఎర్ర డబ్బా.

"ఏం మావయ్యా, నచ్చలేదా?"

"బాగుంది. చాలా పొగ పట్టి ఉంటుంది దీనికి."

"పోనీలే. ఇకనుంచి ఎవరి గుమ్మమూ తొక్కక్కర్లేదు."

"అదే కదా అమ్మాయ్ నా బాధ." "రేపు పొద్దున నర్సమ్మ తలుపు ఏమని కొట్టను?"

"ఎందుకు కొట్టడం? ఆవిణ్ణి కాస్త ప్రశాంతంగా ఉండనిస్తే నీ సొమ్మేం పోయింది?"

మావయ్య నా వైపు చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం అత్తయ్య పోయిన తర్వాత మళ్ళీ అప్పుడే.

"ఇన్నేళ్ళుగా ఎన్ని తలుపులు కొట్టానో. ఇవ్వనన్నవాళ్ళున్నారు. ఎప్పుడిస్తారని నిలదీసినవాళ్ళున్నారు. విరగ్గొట్టావని తిట్టినవాళ్ళున్నారు. మొదటి రోజు నేను నిజంగా జల్లెడ కోసమే వెళ్ళాను, అబద్ధమెందుకు. ఆవిడ జల్లెడ నా చేతిలో పెట్టి, తిరిగి ఇవ్వక్కర్లేదు అంది. ఆ మాట నాతో అంతవరకు ఎవరూ అనలేదమ్మా. లోపలికి చూస్తే ఇల్లు బోసిపోయి ఉంది. ఒక మంచం, ఒక కుర్చీ. గిన్నెలు పనిమనిషికి ఇచ్చేసిందట. బట్టలు ఇచ్చేసిందట. ఇక ఏ వస్తువుతోనూ పని లేని మనిషిలా నిలబడింది. జల్లెడ పట్టుకుని సగం మెట్లెక్కి, అక్కడే కూర్చుండిపోయాను."

"సాయంత్రమే తీసుకెళ్ళి ఇచ్చేశాను. వద్దంటున్నా చేతిలో పెట్టాను. రేపు మళ్ళీ కావాలి, మీ దగ్గరే ఉంచండి అన్నాను. నాకు రేపు కావాలంటే, రేపు ఆవిడ ఉండాలి కదా."

"మరి అత్తయ్య కత్తెర?"

"ఎన్నిసార్లని జల్లెడే అడగను? ఆవిడ దగ్గర అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. అందుకని మన సామానే ఒక్కొక్కటీ అక్కడ పెట్టాను. మీ వస్తువులు మీ ఇంట్లో పెట్టుకోవచ్చుగా అంది. మా ఇంట్లో పెడితే కనబడవమ్మా అన్నాను. ఈ సెక్రటరీ గాడు అన్నీ ఊడ్చి తెచ్చి నా మొహాన పడేశాడు."

నేను ఆ మెట్టు మీదే కూలబడి ఏడ్చాను. మేమందరం మర్యాదస్తులం. కదిలించకూడదని దూరంగా ఉన్నాం. ఆ మర్యాద మధ్యలో ఆవిడ ఒక్కతే అయిపోయింది. మర్యాద తెలియని మావయ్య ఒక్కడే రోజుకి రెండుసార్లు ఆ తలుపు తీయించాడు.

మర్నాడు పొద్దున మావయ్య ఉతికిన చొక్కా వేసుకుని కిందికి దిగాడు. చేతిలో ఏమీ లేదు. తోడుగా నేనూ వెళ్ళాను. తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. చెయ్యి ఎత్తుతాడు, దించుతాడు. అన్నేళ్ళ అనుభవమున్న మనిషి, తలుపు కొట్టడం కొత్తగా నేర్చుకుంటున్నట్టున్నాడు. చివరికి కొట్టాడు.

లోపల ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ కొట్టాడు. తర్వాత గడియ చప్పుడైంది. నర్సమ్మ తలుపు తీసింది. జుట్టు దువ్వుకోలేదు, కళ్ళు లోతుకు పోయాయి.

"నిన్న అన్నీ ఇచ్చేశాను కదా అన్నయ్యగారూ. ఇంకేం కావాలి?"

"ఏమీ వద్దమ్మా."

"మరి?"

మావయ్య నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను. అరువు మావయ్యకి అడగడానికి వస్తువు లేకపోవడం అదే మొదటిసారి.

"ఊరికే... ఉన్నారేమో చూసి పోదామని," అన్నాడు.

నర్సమ్మ తలుపు రెక్క పట్టుకుంది.

"ఈ మాట మొదటి రోజే అడిగి ఉంటే, తలుపు మీ మొహానే వేసేదాన్ని," అంది.

"తెలుసమ్మా. అందుకే జల్లెడ అడిగాను."

ఆవిడ పెదవులు కదిలాయి. నవ్వబోయిందనే అనుకున్నాను. ఒక్కసారిగా బావురుమంది. గుమ్మంలోనే, తలుపుకి తల ఆనించి, కొడుకు పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. వాణ్ణి తీసుకొచ్చిన రోజు కూడా ఆవిడ అలా ఏడవలేదు. మావయ్య ఓదార్చలేదు. ఆయనకి ఓదార్చడం రాదు. చేతులు కట్టుకుని, అక్కడే నిలబడ్డాడు. ఏడుపు అయ్యేవరకూ నిలబడ్డాడు.

చాలాసేపటికి ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీకిచ్చిన డబ్బాలో పానా ఉందా అన్నయ్యగారూ? వంటింట్లో కుళాయి ఎన్నాళ్ళనుంచో కారుతోంది."

"నేనొచ్చి బిగిస్తాను చెల్లెమ్మా."

"వద్దు. నేనే బిగించుకుంటాను. ఒకసారి ఇవ్వండి చాలు."

మావయ్య గతుక్కుమన్నాడు. ఆయన్ని ఒకరు అరువడగడమన్నది అంతవరకు జరగలేదు. జన్మంతా ఎదుటివాళ్ళ నోట విన్న ప్రశ్నే అడిగేశాడు.

"ఎప్పుడు తిరిగిస్తారు?"

"రేపు," అంది నర్సమ్మ.

మావయ్య వెనక్కి తిరిగి మెట్ల వైపు నడిచాడు. నాలుగు మెట్లెక్కి ఆగి, ఏమనుకున్నాడో ఏమో, దిగొచ్చి లిఫ్టు ఎక్కాడు. పొగ ఎంతైనా కానీ, ఆ పానా త్వరగా తేవాలి మరి.