తుడిచేసిన తడి

ఆసుపత్రిలో అందరూ ఆమెను మూడో ఫ్లోరక్క అనేవారు. మూడో అంతస్తులో ఆపరేషన్ థియేటర్లు, వాటి ముందు పొడవాటి వరండా, వరండా చివర రోగుల బంధువులు కూర్చునే ఇనుప కుర్చీలు. వీటన్నిటినీ పదకొండేళ్లు తుడిచింది. నేల మీద చుక్క నీరు కనిపిస్తే చాలు, తల ఆలోచించేలోపే చెయ్యి గుడ్డ అందుకునేది. అది ఆమెకు ఊపిరి పీల్చినంత మామూలు పని.

ఆ పదకొండేళ్లలో శుభ్రం చేయించే కాంట్రాక్టర్లు నలుగురు మారారు. మారిన ప్రతిసారీ కొత్త కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ కాగితం ప్రకారం ఆమె నిన్నగాక మొన్న చేరిన మనిషి. పదకొండేళ్ల పాత కొత్త మనిషి! ఇంత విడ్డూరాన్ని దర్జాగా నడిపించేవాళ్లు పెద్దమనుషులుగానే చలామణి అవుతున్నారు. వాళ్ల ఫైళ్లలో ఆమె "నైపుణ్యం లేని కూలీ". నెత్తుటి మరక చన్నీళ్లకు ఎందుకు లొంగుతుందో, వేణ్నీళ్లు పోస్తే ఎందుకు మొండికేస్తుందో ఆ ఫైలు రాసినవాణ్ణి ఒకసారి అడిగి చూడాలి.

ఒకరోజు బస్టాపు స్తంభానికి అంటించిన కాగితం ఆమె కంటబడింది. "పని మానకుండానే పెద్ద పని నేర్చుకోండి" అని ఉంది. ఏదో సేవాసంస్థ. పాత ఫర్నిచర్ దుకాణం మీద మూడు గదులు. మెట్ల దగ్గరికి వెళ్లి రెండుసార్లు వెనక్కి తిరిగింది. మూడోసారి, ఇంత దూరం వచ్చి బస్సు ఛార్జీ దండగ చేసుకోవడం ఎందుకని ఎక్కేసింది.

బల్ల అవతల కూర్చున్న పెద్దావిడ ఎంతవరకు చదివావని అడుగుతుందనుకుని, ఎనిమిది అనే మాటను నోట్లో సిద్ధంగా పెట్టుకుంది. ఆవిడ అది అడగనే లేదు.

"రోజూ చేతులతో ఏం చేస్తావమ్మా?"

"తుడుస్తానండి."

"దేన్ని? దేంతో? ముందు ఏది, తర్వాత ఏది?"

చెప్పడం మొదలుపెడితే ఇరవై నిమిషాలు పట్టింది. తన పని గురించి చెబుతుంటే ఇరవై నిమిషాలు కూర్చుని వినే మనిషి ఉంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు. బయటికి వచ్చి మెట్ల మీదే కాసేపు కూర్చుండిపోయింది.

ఆ పెద్దావిడ ముప్పై ఏళ్లు ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆపరేషన్లకు వాడే పరికరాలను కడిగి, కట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి, క్రిములు లేకుండా చేసే పని నేర్పుతుంది. ఎవరేం చేసి చూపించినా "మరోసారి" అంటుంది. అందుకే పిల్లలంతా, అంటే ముప్పై నుంచి యాభై ఏళ్ల పిల్లలంతా, ఆవిడకు మరోసారి మేడం అని పేరు పెట్టారు. ఆవిడకూ ఆ సంగతి తెలుసు.

తొమ్మిది నెలల కోర్సు. పొద్దున డ్యూటీ అయ్యాక మధ్యాహ్నం క్లాసు. సంస్థవాళ్లు బస్సు పాసు ఇచ్చారు, పరీక్ష ఫీజు కట్టారు, చంటిపిల్లల తల్లుల కోసం మూడో గదిలో ఒక ఆయాను పెట్టారు. కూతురికి జ్వరమొచ్చి రెండు రోజులు మానేస్తే మూడో రోజు పొద్దున్నే ఫోన్ చేసి, "ఎందుకు రాలేదు" అని కాదు, "పాపకెలా ఉంది" అని అడిగారు. దీన్ని దానం అనేవాళ్లున్నారు. పదకొండేళ్లు ఒక మనిషి చేతిపనిని వాడుకుని, ఆమెను ఒక్క మెట్టు కూడా ఎక్కనివ్వని లోకం ఇన్నాళ్లకు ఆ బాకీలో చిన్న ముక్క తీర్చింది, అంతే. ఆమె మాత్రం అలా అనుకోలేదు. ఆ ఫోన్ గురించి నలుగురికి చెప్పింది.

ఇంట్లో అసలు పరీక్ష మరోటి. భర్త లారీ మీద ఉంటాడు, నెలకు నాలుగు రోజులే ఇంట్లో కనిపిస్తాడు. ఉండేది అత్తగారు, పదో తరగతి చదివే కూతురు. కూతురు పరికరాల పేర్లన్నీ చీటీల మీద రాసి వంటింటి డబ్బాలకు అంటించింది.

"ఈ వయసులో బడికి పోతున్నావు, బాగానే ఉంది. పలక కూడా కొనుక్కున్నావా?" అంది అత్తగారు మొదటి రోజు.

"మీరు కొనిపెడతారనుకున్నాను అత్తయ్యా."

ఎత్తిపొడుపులు అలా సాగుతుండగానే, కోడలు క్లాసుకు వెళ్లే రోజుల్లో సాయంత్రం వంట ఎవరూ చెప్పకుండానే అత్తగారి చేతికి మారిపోయింది. నెల తిరిగేసరికి, అక్షరం ముక్క రాని అత్తగారు పొయ్యి దగ్గర నిలబడి, "ఏమే, ఆ ఫోర్సెప్సు ఇలా అందుకో, గిన్నె దించాలి" అని పట్టకారు అడగడం మొదలుపెట్టింది. మనవరాలు నవ్వితే, "ఏం, మీ అమ్మ ఒక్కతే చదువుకుంటుందా ఈ ఇంట్లో?" అని కసిరింది.

రాతపరీక్ష గట్టెక్కింది. మిగిలింది, తుడిచే పనికి సెలవు పెట్టి చెయ్యాల్సిన ఆరు వారాల పని శిక్షణ. అది తను నేల తుడిచిన ఆసుపత్రిలోనే, కింది అంతస్తులో, పరికరాలు శుద్ధిచేసే విభాగంలో. సంస్థ నుంచి శిక్షణకు మనుషుల్ని తీసుకోవడం ఆ ఆసుపత్రికి అదే మొదటిసారి. తీసుకున్నది ముగ్గుర్ని. ఆ విభాగం ఇన్‌ఛార్జి ముందే చెప్పేశాడు, ఈ ముగ్గురు నిలబడితేనే ఉద్యోగాలు, తర్వాతి బ్యాచ్‌కు కూడా తలుపు తెరుచుకునేది అప్పుడే అని. ఆయన ముక్కు మీద ఒక కళ్లజోడు, నెత్తి మీద మరో కళ్లజోడు పెట్టుకుని, రెండోదాని కోసం గదంతా వెతికే మనిషి. మనిషి మెత్తనే కానీ పనిలో మాత్రం గీత దాటనివ్వడు.

అక్కడ ఇరవై ఏళ్లుగా ఆవిరి యంత్రం దగ్గరే ఉన్న పాతకాపు ఒకడున్నాడు. అందరికీ ఆవిరన్న. ఏ ప్యాకెట్ ఎలా పేర్చాలో ఓపిగ్గా చూపించాడు.

నాలుగో వారంలో ఒక పొద్దున, యంత్రంలోంచి సరుకు దించే పని మొదటిసారి ఆమె ఒక్కదానికే అప్పగించారు. నీలం గుడ్డల్లో చుట్టిన పన్నెండు ప్యాకెట్లు. అంటించిన టేపు మీద గీతలు నల్లబడ్డాయి, అంటే ఆవిరి బాగా తగిలిందని గుర్తు. చల్లారనిచ్చింది. ఒక్కొక్కటీ బండి మీదికి మార్చింది. ఒక ప్యాకెట్ మూల మీద చెమట పట్టినట్టు చిన్న తడి కనిపించింది. బండి కమ్మీకి వేలాడుతున్న గుడ్డ చేతికందింది. తుడిచేసింది. బండిని లిఫ్ట్‌లో పైకి పంపించేసింది.

తర్వాత రిజిస్టరు తీసింది. బ్యాచ్ నంబరు, టైము, టేపు రంగు. చివరి గడిలో "అన్నీ పొడిగా ఉన్నాయా?" అని ఉంది. టిక్కు పెట్టింది. పెన్ను ఎత్తబోయి ఆగిపోయింది.

పొడిగానే ఉన్నాయి. తను పొడి చేసింది కాబట్టి.

మరోసారి మేడం ఈ పాఠం కనీసం పదిసార్లు చెప్పి ఉంటుంది. యంత్రంలోంచి తడిగా వచ్చిన ప్యాకెట్ శుభ్రమైనది కాదు. ఆ తడి పట్టుకుని బయటి క్రిములు గుడ్డలోంచి లోపలికి పోతాయి. దాన్ని విప్పాలి, మళ్లీ మొదటి నుంచి కడగాలి, కట్టాలి, ఆవిరి పట్టించాలి. పరీక్షలో ఈ ప్రశ్నకు ఆమెకు పూర్తి మార్కులు వచ్చాయి. తలకు తెలిసిన సంగతి చేతికి చేరలేదు.

పక్కనే ఉన్న ఆవిరన్నకు చెప్పింది.

"ఆరిపోయిందిగా," అన్నాడతను గొంతు తగ్గించి. "టేపు నల్లబడిందిగా. ఎవరూ చూళ్లేదు. ఇంకో రెండు వారాలు గడిస్తే ఉద్యోగం చేతిలో పడుతుంది. గమ్మునుండు తల్లీ."

"లోపలికి పోయి ఉంటే అన్నా?"

"అన్నిసార్లూ పోదు."

అతను చెడ్డవాడు కాదు. ఆమె మంచి కోరే అన్నాడు. ఉద్యోగం పోతుందన్న భయం ఇరవై ఏళ్లు ఒంటి మీద మోస్తే మంచితనం కూడా ఇలాగే మాట్లాడుతుంది. ఆమెకు ఒక్క క్షణం కూతురు కళ్లముందు మెదిలింది. తన వెనక రావలసిన బ్యాచ్‌లోని ఆడవాళ్లు, మగవాళ్లు మెదిలారు, ఇంకా మొహాలు కూడా తెలియని మనుషులు. ఇన్‌ఛార్జి స్టోరు గదిలో ఉన్నాడు. ఆయన్ని పిలిచి చెప్పేలోపు పైన ప్యాకెట్ విప్పేస్తే?

గోడకున్న ఫోన్ ఎత్తింది. మూడో అంతస్తులో ఆ తలుపుల ముందు పదకొండేళ్లు తల వంచుకుని తుడిచింది కానీ, లోపలివాళ్లతో ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు.

"థియేటర్," అంది అవతల నర్సు.

"కింద శుద్ధి విభాగం నుంచమ్మా. ఇప్పుడొచ్చిన బ్యాచ్... విప్పొద్దు. ఒక్కటి కూడా."

"ఎందుకు?"

"అందులో ఒకటి తడిగా దిగింది."

"ఏదో చెప్పు, దాన్ని పక్కన పెడతాం."

"తెలీదమ్మా. తుడిచేశాను. ఇప్పుడన్నీ ఒకేలా ఉంటాయి."

"తుడిచావా! పేషెంటుని లోపలికి తెచ్చేశామమ్మా! మత్తు సూది ఎక్కించబోతున్నారు. అసలు ఎవరు మాట్లాడేది?"

"ట్రైనీని. ఆ సూది ఆపమనండమ్మా. దండం పెడతాను."

వెనక డాక్టరు గొంతు గట్టిగా లేచింది. ఏమన్నాడో అర్థం కాలేదు గానీ పొగడలేదని మాత్రం అర్థమైంది. ఫోన్ పెట్టేసి స్టోరు గదికి వెళ్లి ఇన్‌ఛార్జికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

పన్నెండు ప్యాకెట్లూ కిందికి దిగొచ్చాయి. అన్నీ విప్పారు. ఆపరేషన్ గంటన్నర వెనక్కి జరిగింది. ఆమెను బెంచీ మీద కూర్చోమన్నారు. ఇన్‌ఛార్జి సంస్థకు ఫోన్ చేస్తే మరోసారి మేడం పరుగున వచ్చింది. ఆవిడ మొహం చూడగానే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

"మీ పేరు చెడగొట్టాను మేడం."

"ముందు ఈ నీళ్లు తాగు. పేరు సంగతి తర్వాత చూద్దాం."

ఇన్‌ఛార్జి ఎదురుగా నిలబడ్డాడు. "పాఠం తెలుసు కదమ్మా నీకు. ఎందుకు తుడిచావు?"

"పదకొండేళ్లు అదే పని సార్. తడి కనిపిస్తే చెయ్యి ఆగదు."

"అసలు అక్కడ గుడ్డెందుకుంది?"

ఆవిరన్న చేతులు కట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. అతనే నోరు విప్పాడు.

"గుడ్డ నాదే సార్. బండి తుడవడానికని పెట్టాను. కానీ... నేనూ ఒకటి రెండుసార్లు ప్యాకెట్లు తుడిచినవాణ్ణే. ఈమె చెప్పింది. నేను చెప్పలేదు."

ఇన్‌ఛార్జి యంత్రం దగ్గరికి నడిచి తలుపు తెరిచి లోపలికి చూశాడు. పైనుంచి తొందర పెడుతున్నారని ఈ మధ్య ప్యాకెట్లను కుక్కి పెడుతున్నారు. గాలి ఆడకపోతే తడి ఎలా ఆరుతుంది? ఆ సాయంత్రమే బ్యాచ్‌కు ఎనిమిది మించకూడదని రాసి అంటించాడు. తొందరపెట్టే పైవాళ్లకు ఒక కాపీ పంపించాడు. ఇంతకుముందే చెయ్యాల్సిన పని అని తనకు తనే గొణుక్కున్నాడు.

"నీకు శిక్షణ ఇంకో రెండు వారాలు పెంచుతున్నానమ్మా," అన్నాడు ఆమెతో. "రోజూ సరుకు దించే పనే. తప్పు తప్పే."

"చేస్తాను సార్." కాస్త తటపటాయించి అడిగింది. "తర్వాత?"

"తర్వాతేముంది? చేరడమే. రేపెప్పుడైనా ఇలాంటి ఫోన్ చెయ్యాల్సి వస్తే నా కోసం చూడకు, ఇవాళ చేసినట్టే చెయ్యి." మేడం వైపు తిరిగాడు. "మీ కొత్త బ్యాచ్‌లో ఎంతమందున్నారు?"

"మీరు ఎంతమందిని తీసుకుంటారు?" అంది మేడం, ఇదే అదనని.

ఆ పూట డ్యూటీ దిగాక ఆమె ఇంటికి బయల్దేరలేదు. ఎందుకో మూడో అంతస్తుకు మెట్లెక్కింది. ఇనుప కుర్చీల దగ్గర నడివయసు ఆడమనిషి ఒకామె ఎవరినో ఫోన్లో చెడామడా దులిపేస్తోంది.

"ఏం ఆసుపత్రో ఏమో! మా అమ్మను లోపలికి తీసుకుపోయి మళ్లీ బయట కూర్చోబెట్టారు. పెద్దప్రాణం, పొద్దుట్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఎవరిదో తప్పంట. వాళ్ల చేతులు పడిపోను!" ఫోన్ పెట్టేసి, నీలం బట్టల్లో ఉన్న ఈమెను చూసింది. "ఏమ్మా, నువ్విక్కడేనా పనిచేసేది?"

పదకొండేళ్లుగా ఈ ప్రశ్నకు కాంట్రాక్టరు పేరు చెప్పడమే అలవాటు.

"ఇక్కడేనమ్మా."

"అయితే నీకే చెబుతున్నా, పైవాళ్లకు చెప్పు. గంటన్నర! మీ ఇంట్లో పెద్దవాళ్లనైతే ఇలాగే కూర్చోబెడతారా?"

"తప్పేనమ్మా. చెబుతాను. అమ్మగారి ఆపరేషన్ అయిందా?"

"అయింది, ఇందాకే. బానే ఉందంట. అది వేరే సంగతి! బాలేకపోతే ఊరుకునేదాన్నా?"

"ఊరుకోకూడదమ్మా."

ఆ ఆడమనిషి ఇంకా నాలుగు మాటలు అంది. ఈమె కదలకుండా నిలబడి అన్నీ విన్నది. లోపల ఒక ముసలావిడ బాగానే ఉంది. ఒళ్లంతా తేలికైపోయింది. బస్టాపు స్తంభానికి కాగితం అంటించిన చెయ్యి ఎవరిదో, ఆ చేతికి దండం పెట్టాలనిపించింది.

"ఇదేమిటమ్మా," అంది ఆ మనిషి విస్తుపోయి, "ఇన్ని తిడుతుంటే నవ్వుతావేంటి?"