పోపు పదవికి పెద్దమందడి అభ్యర్థి

ఉట్టికెగరలేనోడు రోముకెగురుతనన్నడంట. ఆ ఎగరబోయినోన్ని నేనే. ఎగిరి ఎక్కడ పడ్డనో, పడ్డప్పుడు ఊరంత ఎట్ల చూసిందో చెప్త, మనసార నవ్వుకోండ్రి. మా ఇంటామె ఇప్పటికీ నవ్వుతనే ఉంది, ఆమెకు జర తోడైతరు.

నా పేరు రాయప్ప. పెద్దమందడిల కాలిపోయిన బోరు మోటర్లకు వైండింగ్ చేస్త. మాది తాతల నాటి కథోలిక కుటుంబం. ఊర్ల మావి నాలుగిండ్లే గాని చర్చి ఉంది, వనపర్తి నుంచి ఫాదర్ బండి మీద వచ్చి పూజ చేసి పోతడు. ఆ ఫాదరే ఒకపారి నన్ను తిరుసభ చట్టం తరగతులకు పంపిండు. లోకమంత ఉన్న మా కథోలిక సంఘాన్ని తిరుసభ అంటం. ఎవరికెంత అధికారం, ఎవరిని ఎవరు నియమించాలె, అన్నిటికీ దాంట్ల చట్టముంది. తరగతుల నుంచి వచ్చినంక నా నడకే మారింది. కొత్త కండక్టర్ మెడల టికెట్ మిషన్ ఏసుకున్నట్టు, నేను తల్కాయల చట్టం ఏసుకొని తిరుగుతున్న.

గట్ల తిరిగే రోజులల్లనే రోముల పోపు గారు కన్నుమూసిన్రు. టీవీల అదే వార్త. చాయ్ హోటల్ల మా టైలర్ ఖాజా భాయ్ అడిగిండు:

"రాయప్పన్నా, మీ పెద్ద గురువు పోయిండు గద. ఇప్పుడెవర్ని చేస్తరు?"

ఆహా! ఆ ప్రశ్న కోసమే నేను పుట్టిననుకున్న. "పోపు కిందుండే పెద్ద గురువులు, కార్డినల్లు, లోపల కూసోని తలుపులు ఏసుకుంటరు. ఓట్లేస్తరు. కుదిరిందాంక బైటికి రారు."

పల్లికాయ రైతు నర్సిమ్మన్న చాయ్ ఊదుకుంట అన్నడు: "ఎవర్ని బడితే వాళ్ళను చేస్తరా? నీలాంటోన్ని గూడ?"

"ఎందుకు చెయ్యద్దు? జ్ఞానస్నానం పొందిన మగోడైతే చాలు. చట్టం ప్రకారం నేను గూడ అర్హున్నే!"

చెప్పింది అబద్ధం గాదు. కాని చట్టంల ఇంకో సగముంది. గట్ల ఎన్నికైనోడు ముందుగాల గురువై, మేత్రాణి అంటే బిషప్పై, గప్పుడే పోపు కావాలె. అదిగాక, వందల ఏండ్ల నుంచి కార్డినల్లల్లనే ఒకర్ని ఎన్నుకుంటున్నరు. ఆ సగాన్ని చాయ్‌తోని కలిపి మింగిన. ఎందుకంటే అప్పటికే హోటలంత నా దిక్కు చూస్తుంది. జీవితంల నా దిక్కు గంతమంది చూసుడు అదే మొదలు. మోటర్ కాలితే తప్ప నా మొఖం ఎవరికి గుర్తుంటది చెప్పుండ్రి?

తెల్లారేసరికి "అర్హుడు" కాస్త "పోటీల ఉన్నడంట" అయ్యింది. సాయంత్రానికి "అయ్యేటట్టే ఉన్నడంట" అయ్యింది. నర్సిమ్మన్న దుకాణానికొచ్చి, "పోపైనంక మా చివరి పొలాలకు కాలువ నీళ్ళు ఇడిపియ్యాలె" అన్నడు. "అది పోపు చేతుల ఉండదన్నా" అంటె, "అందరు నాయకులు గదే మాటంటరు" అన్నడు.

ఖాజా భాయ్ టేపు పట్టుకొనే వచ్చిండు. "చేతులు పైకి లేపు. తెల్లంగీ నేనే కుడత. రోముల మూడు సైజులు తయారు పెడతరంట గద? నీ పొట్టకు నాలుగో సైజు కావాలె."

నేను వద్దనాల్నా లేదా? అన్లేదు. చేతులు లేపిన.

ఇంట్ల లూర్దమ్మ గుమ్మంల నిలబడి ఉంది. "పోపులకు పెండ్లాలుండరంట. మరి నేనేమైపోవాలె?"

"మొదటి పోపు గారి పేరూ మన తెలుగుల రాయప్పే. ఆయనకు అత్త ఉన్నట్టు సువార్తలల్లనే ఉంది. అత్త ఉందంటె పెండ్లాం ఉన్నట్టే గద!"

"ఓహో, అత్త కావాల్నా? మా అమ్మను రమ్మంట. ఆమెతోనే పోదువు రోముకు."

అప్పటికీ బుద్ధి రాలే. బుద్ధి వచ్చింది ఆదివారం నాడు. బస్టాండు కాడ నిలువెత్తు ఫ్లెక్సీ: "పోపు పదవికి అర్హత సాధించిన మన పెద్దమందడి ముద్దుబిడ్డ రాయప్పన్నకు శుభాకాంక్షలు!" నా ఫోటోను పెండ్లి ఫోటోల నుంచి కత్తిరించిన్రు. లూర్దమ్మను కోసేసిన్రు గాని, ఆమె గాజుల చెయ్యి నా భుజం మీదనే మిగిలింది.

ఫాదర్ బండి ఆపిండు. హెల్మెట్ తీసి చదివిండు. మళ్ళ పెట్టుకున్నడు. నన్ను పిలిచిండు.

"రాయప్పా, ఇదేంది?"

"చట్టంల ఉంది ఫాదర్..."

"ఉంది. మిగతా సగం?"

ఇంతల మా చర్చిల అందరికన్న పెద్దమనిషి ఆరోగ్యమ్మవ్వ కట్టె పట్టుకొని వచ్చింది. "ఆ పోయిన తండ్రి కోసం మేం ఇంకా జపమాల చెప్తనే ఉన్నం బిడ్డా. నువ్వు ఆయన కుర్చీ కొలుచుకుంటున్నవా?" అన్నది. తిట్టినా గంత తగలకపోవు. నవ్వులాట అక్కడికక్కడ ఆరిపోయింది. ఆమె కాళ్ళు మొక్కిన. నిచ్చెన తెచ్చి, ఫ్లెక్సీ నా చేతుల్తోనే ఇప్పిన. నిచ్చెన మీద నుంచే ఊరికి రెండో సగం గూడ చెప్పిన: "ఈ పదవి నాసొంటోనికి రాదు. సగమే చెప్పుడు నాదే తప్పు, మాఫ్ చెయ్యుండ్రి!"

కింద నుంచి నర్సిమ్మన్న గొంతు లేచింది: "చూసిన్రా, ఎంత వినయమో! గందుకే ఈనే కావాలె!"

జనం చప్పట్లు కొట్టిన్రు. ఫాదర్ నవ్వు ఆపుకోలేక హెల్మెట్ అద్దం కిందికి దించిండు.

కొన్నాళ్ళకు కొత్త పోపు కుదిరినట్టు రోముల తెల్ల పొగ వచ్చింది. హోటల్ల టీవీ ముందట ఫాదర్‌తోపాటు అందరం నిలబడ్డం. వేరే ఆయన పేరు చదివిన్రు. నేను చేతులు జోడించి దండం పెట్టుకున్న. ఎనకకు తిరిగి చూస్తే హోటలంత చావింటి లెక్క ఉంది. "అన్యాయం! రీకౌంటింగ్ అడుగుదాం" అన్నడు ఖాజా భాయ్. నవ్వుతోని నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, నవ్వొక్కటే గాదు లెండి. జ్ఞానస్నానం ముచ్చటే తెల్వని నా ఊరోళ్ళు నన్ను లోకానికే గురువును చేద్దామనుకున్నరు. గంత గర్వం నాకు ఇంకెప్పుడొస్తది?

ఫాదర్ నా పక్కకొచ్చి మెల్లగ అడిగిండు: "ఎన్నికైనోన్ని 'ఒప్పుకుంటవా' అని అడుగుతరు రాయప్పా. నిజంగనే నిన్నడిగితే ఏమంటుంటివి?"

"లూర్దమ్మనడిగి చెప్త అంటుంటి ఫాదర్."

ఆనాడే చర్చిల మోకాళ్ళ మీద కూసోని ప్రమాణం చేసిన: ఇగ బతికున్నన్ని రోజులు చాయ్ హోటల్ల చట్టం చెప్ప, చెప్తే సగం చెప్ప, టైలర్ టేపు తీస్తే చేతులు లేప. నాకు అర్హత లేదని మాత్రం అనుకోకుండ్రి.

చట్టమైతే మారలే మరి.