పురిటిగది నుంచి వేదికకు: మా డాక్టర్ సుభద్రమ్మ

డాక్టర్ సుభద్రమ్మ గారు ఇక లేరు. గత మంగళవారం ఉదయం నేను ఉన్నత పాఠశాలలో సంధి ప్రకరణం బోధిస్తుండగా, ఆవిడ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే నరసమ్మ తరగతి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. కాళ్లకు చెప్పులు లేవు. కొంగు నేల మీద రాస్తోంది. "అయ్యవారూ, బెంగుళూరు నుంచి ఫోనొచ్చింది. అమ్మ పోయినారంట" అని, గుమ్మంలోనే కూర్చుండిపోయింది. నా చేతిలోని సుద్దముక్క ఎప్పుడు జారిందో నాకు తెలియదు. మూత్రపిండాల వ్యాధి ఏడాదిగా ఆవిడను లోలోపల హరిస్తున్నదని, దాని చికిత్సకే బెంగుళూరు వెళ్లారని, ఆ సంగతి నరసమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదని తరువాత తెలిసింది. ఊరందరి వ్యాధులూ తెలిసిన మనిషి తన వ్యాధిని ఊరికి తెలియనివ్వలేదు.

సుభద్రమ్మ గారు రొద్దంలో ఒక మెట్టసేద్యగాడి కుమార్తె. మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి, వివాహం తలపెట్టక, హిందూపురంలో చిన్న ప్రసూతి ఆసుపత్రి పెట్టుకున్నారు. తెల్లవారకముందే వరండా నిండిపోయేది. అన్నం ముందు కూర్చుని పూర్తిగా తిని లేచిన రోజు అరుదు. అంతటి కార్యభారంలోనూ ఆవిడ ముఖాన సహజమైన ఒక హాస్యరేఖ ఉండేది. నొప్పులు పడుతున్న స్త్రీల పక్కన నిలబడి, బయట వరండాలో తచ్చాడే భర్తల నడకను అనుకరించి చూపేవారట. "నవ్వితే ఊపిరి వదుల్తారప్పా. ఊపిరి వదిల్తే నాకు సగం పని అయిపోతాది" అనేవారు. ఆవిడ దృష్టిలో హాస్యం కూడా ఒక ఔషధమే.

ఇప్పటికి ఆరేడేళ్ల కిందట ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. నేను అప్పట్లో మా సాహిత్య సంఘానికి కార్యదర్శిని. కూర్చోకుండానే అడిగారు.

"ఏమప్పా అయ్యవారూ, మీ వార్షికోత్సవంలో నాకు అరగంట ఇస్తావా?"

"ఆరోగ్య విషయాల మీద ప్రసంగమా అమ్మా?"

"కాదు. నేనొక్కదాన్నే నిలబడి జనాన్ని నవ్విస్తా. పాట లేదు, వేషం లేదు, పక్కన ఎవురూ ఉండరు. మద్రాసులో చదివేటప్పుడు కాలేజీ పండగలో ఒకాయన అట్ల చేసినాడు. ఆ పొద్దు నుంచి నాకు మనసులో ఉండాది."

ఒక స్త్రీ, అందునా వైద్యురాలు, ఒంటరిగా వేదిక మీద నిలిచి హాస్యప్రసంగం చేయడం మా ప్రాంతంలో కనీవినీ ఎరగని విషయం. సంఘం అధ్యక్షులైన వృద్ధ న్యాయవాది నన్ను పక్కకు పిలిచారు. "వద్దని చెప్పు. రేపు ఆమె ఒకరికి, నువ్వు బతుకుతావమ్మా అని చెప్పినా, అదీ నవ్వులాటే అనుకుంటారు జనం" అన్నారు. ఆ మాట నేను సుభద్రమ్మ గారికి యథాతథంగా చేరవేశాను. ఆవిడ, "అంత నమ్మకం లేనోళ్లు నా దగ్గరికి ఎందుకు వస్తారులే" అన్నారు.

పురుళ్ల మధ్య దొరికిన సమయంలో నరసమ్మను ఎదుట కూర్చోబెట్టుకుని అభ్యాసం చేశారు. నరసమ్మ ఒక్కసారీ నవ్వలేదట. చివరికి, "అమ్మా, పురిటిగదిలో మాట ఆడనే ఉండనీ. బయట పెడితే అది మనల్నే తగులుకుంటాది" అందట. ఆవిడ ఆ మాటనూ నవ్వుతూ నాకు చెప్పారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

వార్షికోత్సవం నాటి సాయంత్రం పందిరి కిక్కిరిసింది. ఆవిడ వేదిక ఎక్కి నమస్కరించారు. మొదటి మాటలకు ఎవరూ నవ్వలేదు. ఎవరో దగ్గారు. ఆవిడ గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టారు.

"ఎన్నో నెలమ్మా అని అడిగితే మన ఆడోళ్లు నెల చెప్పరు. శెనక్కాయ విత్తనమేసినాక తప్పింది అంటారు. నేను క్యాలెండరు తీసేసి చేను చూసి తారీకు చెప్తాండా."

స్త్రీలు కూర్చున్న వైపు నుంచి ఒక నవ్వు లేచింది. ఆవిడ ముఖం వికసించింది.

"మన హిందూపురంలో కాన్పు చేసేది కష్టం. ముక్కమ్మా అని తెలుగులో ఒకసారి అరవాల, కన్నడంలో ఒకసారి అరవాల. బిడ్డ ఏ భాషకు బయటికొస్తే అదే దాని మాతృభాష."

పందిరి దద్దరిల్లింది. ఆ ఉత్సాహంలోనే ఆవిడ అత్తగార్ల ముచ్చట ఎత్తుకున్నారు. తల కనిపిస్తున్న బిడ్డను చూసి, "కొంచెం పట్టుకో తల్లీ, రాహుకాలం పోనీ" అని బతిమాలే అత్తగారి గొంతును అచ్చంగా పలికించారు. జనం కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వుతుండగా, మొదటి వరుసలోంచి ఒకరు లేచారు. బెల్లం మండీ యజమాని వెంకటరమణప్ప. ఆ పందిరి వేయించింది ఆయనే. గొడుగు తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచారు. ఆయన వెనుక ఆయన మనుషులూ లేచారు. ఖాళీ అయిన ఆ కుర్చీలను సుభద్రమ్మ గారు చూశారు. ప్రసంగం ఆపలేదు.

ఆ మాట ఆవిడ పది ఇళ్ల అత్తగార్ల నోట విన్నదే. కానీ వెంకటరమణప్ప భార్య కూడా, కోడలు పద్మావతి తొలి కాన్పులో అక్షరాలా అదే మాట అన్నారట. ఊరంతా తమను చూసే నవ్విందని ఆ ఇల్లు భావించింది. వారం తిరగకముందే మార్కెట్టులో ఒక మాట పొగలా వ్యాపించింది: డాక్టరమ్మ ఆడోళ్ల పురుళ్లు చెప్పి నవ్విస్తాండాది. వరండా కొంచెం కొంచెంగా పలచబడింది.

అదే సమయంలో పెనుకొండ సభలో హాస్యప్రసంగానికి ఆహ్వానం వచ్చింది. రైల్లో నేనూ వెంట వెళ్లాను. సభాస్థలి బయట వెంకటరమణప్ప మండీ గుమాస్తా ఒకడు ఆవిడ కోసం కాచుకుని ఉన్నాడు.

"సావుకారు చెప్పి రమ్మన్నారమ్మా. వాళ్ల కోడలు ఇంక మీ గడప తొక్కదంట."

వాడు వెళ్లాక ఆవిడ నాతో అన్నారు: "పద్మావతికి మొదటి కాన్పులో నెత్తురు ఆగలేదప్పా. రెండోది నా దగ్గరే కావాలని నేను చెప్పిండా. ఇప్పుడు ఆ పిల్లకు ఎనిమిదో నెల."

ఆనాడు పెనుకొండలో ఆవిడ అత్తగార్ల ముచ్చట పూర్తిగా వదిలేశారు. తన మీదే హాస్యం చెప్పుకున్నారు. కొండ కింద ఆ చిన్న సభ విరగబడి నవ్వింది. ఆవిడ కళ్లు మాత్రం మాటిమాటికీ ద్వారం వైపే పోయాయి.

మరునాడు నన్ను వెంటబెట్టుకుని వెంకటరమణప్ప ఇంటికి వెళ్లారు. లోపలికి రమ్మనలేదు. ఆయన భార్య గడప అవతలే నిలబడి, "నవ్వేదానికి మా ఇల్లే దొరికిండాదా నీకు?" అన్నారు.

"తప్పు నాదే అనుకోండి. ఇంక ఆ మాట యాడా చెప్పను. పిల్లను మాత్రం నా దగ్గరికి పంపండి. అది నవ్వులాట కాదు."

వెంకటరమణప్ప తల ఎత్తకుండా అన్నారు: "కోడలు ఈడ లేదు. ధర్మవరంలో పుట్టింటికి పంపిచ్చినాము. ఆడ మంత్రసాని ఉండాది. మీరు పోయి రాండి."



ధర్మవరం రైల్వే ఉద్యోగులు అంతకుముందే ఆవిడను తమ సభకు పిలిచి ఉన్నారు. ఆవిడ రాననే అంటారనుకున్నాను. వెంటనే ఒప్పుకున్నారు. రైలెక్కేటప్పుడు చూస్తే చేతిలో కాన్పుల సంచి ఉంది. "ఆడికి పోయి, ఆ పిల్లను ఒకసారి చూసొస్తా" అన్నారు. మధ్యాహ్నం పద్మావతి పుట్టింటికి వెళితే, పట్టుచీరల అంగడి వెనుక ఉన్న ఆ ఇంటి తలుపు తీయలేదు. లోపల ఎవరో మూలిగినట్టు నాకు వినిపించింది. ఆవిడకూ వినిపించే ఉంటుంది. చాలాసేపు తలుపు తట్టారు. చివరికి పద్మావతి నాయన కిటికీలోంచి, "అల్లుడోళ్లు వద్దన్నారమ్మా" అని చెప్పి రెక్క మూశాడు.

సాయంత్రం సభ. రైల్వేవాళ్లతో పాటు అద్దకం మరకల చేతులతో నేతపనివాళ్లు, వాళ్ల ఆడవాళ్లు హాలు నిండా కూర్చున్నారు. సుభద్రమ్మ గారు తన పెళ్లిచూపుల ముచ్చట మొదలుపెట్టారు.

"నన్ను చూసేదానికి ఎవురొచ్చినా, ఆ పొద్దే ఎవురికో నొప్పులొస్తాయి. నేను సంచి పట్టుకుని పరిగెత్తేదాన్ని. తిరిగొచ్చేసరికి పెండ్లికొడుకు ఉండడు, కాఫీ లోటాలే ఉంటాయి. ఒకాయన మాత్రం కదలకుండా కూసున్నాడు. నేను వచ్చినాక ఒకే ఒక మాట అడిగినాడు..."

అక్కడ ఆగిపోయారు. వేదిక పక్క మెట్ల మీద ఒక నడివయసు స్త్రీ నిలబడి ఉంది. పద్మావతి తల్లి. మోచేతుల దాకా చేతులు తడిసి ఉన్నాయి. రెండు చేతులూ ఆవిడ వైపు చాచింది. సుభద్రమ్మ గారు సంచి అందుకుని మెట్లు దిగి పరుగెత్తారు.

సభ పగలబడి నవ్వింది. అదీ ముచ్చటలో భాగమనే అందరూ అనుకున్నారు. చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. నేను వేదిక ఎక్కి, ఇది నిజమని, దయచేసి నవ్వవద్దని చెప్పాను. నేనూ ఆటలో భాగమేనని తలచి ఇంకా నవ్వారు. నా జీవితంలో అంతటి భయానకమైన ధ్వని నేను వినలేదు.

బిడ్డ అడ్డం తిరిగి ఉదయం నుంచి ఇరుక్కుని ఉందట. అప్పటికే అందులో ప్రాణం లేదు. రైల్వే డాక్టరును పిలిపించుకుని, ఇద్దరూ కలిసి ఎంతో పెనుగులాడి తల్లిని మాత్రం దక్కించారు. ఆమె పూర్తిగా తేరుకునే వరకు సుభద్రమ్మ గారు ధర్మవరం వదలలేదు. నేను చూడబోయిన నాడు పద్మావతి మంచం మీది నుంచి సన్నని గొంతుతో అడిగింది.

"అక్కా, ఆ పొద్దు సగంలో ఆపేసి వచ్చినారంట గదా. మా అమ్మ చెప్పింది. ఆయప్ప ఏమడిగినాడు?"

"వద్దులే తల్లీ."

"చెప్పక్కా."

సుభద్రమ్మ గారు నేల చూస్తూ చెప్పారు: "మిమ్మల్ని చేసుకునేది ఎట్లాగూ కుదరదు గానీ డాక్టరమ్మా, మా చెల్లెలికి ఏడో నెల, మీ ఆసుపత్రిలో చేర్చుకుంటారా, అన్నాడు."

పద్మావతి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. ఆవిడ ఆ తలను ఒడిలోకి తీసుకుని, అట్లాగే కూర్చుండిపోయారు.

తరువాత ఎన్ని సభలు పిలిచినా ఆవిడ వేదిక ఎక్కలేదు. నేనూ ఒకసారి అడిగాను. "వద్దప్పా. ఆ ఇంటికి పోయేదాకా ఆ నవ్వు నా వెనకాలే వచ్చింది. ఇంకా పోలేదు" అన్నారు. ఆ మాట విన్న తరువాత నేను మరెప్పుడూ ప్రస్తావించలేదు. పద్మావతి మూడో కాన్పుకు ఆమె అత్తగారే స్వయంగా వెంటబెట్టుకుని హిందూపురం ఆసుపత్రికి వచ్చారు. "రాహుకాలమైనా సరే తల్లీ, నీ చేతికి ఎప్పుడు వీలైతే అప్పుడే" అన్నారు. ఆడపిల్ల సుఖంగా పుట్టింది. వరండా మళ్లీ నిండింది. పురిటిగది లోపల హాస్యం మళ్లీ వినిపించింది. కానీ బయట నలుగురు కలిసి గట్టిగా నవ్వినప్పుడల్లా ఆవిడ ఉలిక్కిపడి తలుపు వైపు చూసేవారని నరసమ్మ చెబుతుంది.

హాస్యం సులభమని తలచేవారు ఆవిడను చూడలేదు. ఒక జీవితకాలపు కోరికను మూడు సాయంత్రాలు అనుభవించి, దాని మూల్యాన్ని కడవరకు చెల్లించిన ధీరురాలు. వైద్యులు రావచ్చు. నవ్వించేవారూ రావచ్చు. ప్రాణం నిలిపే చేతులూ ప్రాణాన్ని తేలికపరిచే మాటా ఒకే మనిషిలో మళ్లీ ఎప్పుడు సంగమిస్తాయో నాకు తెలియదు. ఆ మహనీయురాలికి నా అశ్రునివాళి.

నిన్న ఉదయం నేను ఆసుపత్రి దగ్గర ఉండగా, మడకశిర వైపు నుంచి ఒక ఎద్దులబండి వచ్చి ఆగింది. లోపల నిండు గర్భిణి. మూసిన తలుపు దగ్గర నరసమ్మ, డాక్టరమ్మ లేరని కన్నడంలో చెప్పింది. బండి తోలుకొచ్చిన మనిషి ఆ తలుపు వైపు చూశాడు. తరువాత, ఇంక యాడికి పోవాలో చెప్పమని అడిగాడు. నరసమ్మ నా వైపు చూసింది. ఆవిడ పేరు తప్ప మరే డాక్టరు పేరూ నాకు తోచలేదు.