లేని దారి దగ్గర ఆగిన బండ్లు

దెయ్యాలనే మాట వింటేనే నాకు ఒళ్ళు మంట. ఇంజనీరింగు చదివి గుమ్మానికి నిమ్మకాయలు కట్టుకునేవాళ్ళతో వాదించడం కూడా నాకు నామోషీ. కాబట్టి ఇది చదివి ఎవరైనా జాలిపడి తాయెత్తు పంపితే తిప్పి పంపేస్తాను.

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళు బందరులో ఒక కన్సల్టెన్సీలో పనిచేశాను. గుడివాడ రోడ్డు వెడల్పు చేయాలన్నారు. ముందు రోడ్డుని కంప్యూటర్లో గీసి, అందులో బొమ్మ బండ్లు నడిపించి, ఎక్కడ ఇరుక్కుంటాయో చూడాలి. రోడ్లు కలిసేచోట ఎవరు ముందు వెళ్ళాలో, ఎవరు ఆగి దారి ఇవ్వాలో మనమే చెప్పాలి. దాన్ని ప్రయారిటీ అంటారు.

ఆ సాఫ్ట్‌వేరు ఏదో పెద్దమనుషుల దేశంలో తయారైంది. అందులో బండ్లు ఒకదానికొకటి మర్యాదగా ఆగుతాయి. మన లారీలకి ఆ మర్యాద ఎక్కడేడ్చింది? దాన్ని తగ్గించడమే నా ఉద్యోగం.

పెడన దాటాక ఒక ఊరుంది. రోడ్డుకి ఇటు ఊరు, అటు శ్మశానం, మధ్యలో కొత్తగా డివైడర్ వస్తోంది. అక్కడ కాస్త గ్యాప్ వదలమని ఊరివాళ్ళు అడిగారు. మా మేనేజరు కుదరదన్నాడు. ఆ మనిషి దృష్టిలో ఊళ్ళూ జనమూ ట్రాఫిక్‌కి అడ్డం తప్ప మరేమీ కాదు.

ఒకరోజు నాంచారయ్య గారని ఆ ఊళ్ళో మగ్గం నేసే పెద్దాయన ఆఫీసుకొచ్చారు. ఆయన భార్యకి కిడ్నీలు రెండూ పాడవుతున్నాయట. ఇక రెండు మూడేళ్ళకి మించి బతకదని ఆస్పత్రివాళ్ళు చెప్పేశారట.

“ముందుకెళ్తే గ్యాప్ ఉంది కదండీ, అక్కడ తిరిగి రావచ్చు,” అన్నాను.

“బతికున్నన్నాళ్ళూ ఎంత దూరమైనా తిరుగుతాం అమ్మాయ్. మోసుకెళ్ళేటప్పుడు తిరగలేం గదా,” అన్నారాయన.

ఆయన గుమ్మం దాటకముందే మేనేజరు నవ్వాడు. “ఇక శవాలకి కూడా ప్రయారిటీ ఇవ్వాలి కాబోలు,” అన్నాడు. ఆ నవ్వుకి నాకు అసహ్యం వేసింది. అయినా డివైడర్‌ని మూసే గీశాను, జీతం ఇచ్చేది అతనే కాబట్టి.

మర్నాడు పొద్దున్నే రన్ చేశాను. సరిగ్గా ఆ ఊరి దగ్గర రెండువైపులా బండ్లు ఆగిపోయాయి. అక్కడ అడ్డరోడ్డు లేదు, సిగ్నల్ లేదు, నేను పెట్టిన ప్రయారిటీ ఏదీ లేదు. ఎవరో దాటుతున్నట్టు కాసేపు ఆగి, మళ్ళీ బయల్దేరాయి.

ఆ ముక్క చెరిపేసి మళ్ళీ గీశాను. వేరే కంప్యూటర్లో పెట్టి చూశాను. అక్కడా ఆగాయి. సాఫ్ట్‌వేరు అమ్మినవాళ్ళకి ఫైలు పంపితే తమ దగ్గర శుభ్రంగా నడుస్తోందన్నారు. మీరే ఏదో తప్పు చేసుంటారు మేడం, అని ఒక ఉచిత సలహా కూడా ఇచ్చారు. పక్క సీటు మహానుభావుడు మానిటరుకి అగరొత్తులు తిప్పాడు. వాడికి ఫస్ట్ క్లాసు ఇచ్చిన యూనివర్సిటీకి దండం పెట్టాలి.

చివరికి చిరాకొచ్చి, అక్కడ డివైడర్ తెరిచి, ఊరి నుంచి శ్మశానానికి ఒక చిన్న దారి గీశాను. దాని మీద ఒక్క బండీ పెట్టలేదు. మెయిన్ రోడ్డు కంటే ఆ దారికే ప్రయారిటీ ఇచ్చాను. అంతే, ఒక్క బండి కూడా ఆగలేదు.

మేనేజరు వచ్చి చూశాడు. “ఎవరూ రాని దారికి ప్రయారిటీ ఏంటమ్మా?” అంటూ దాన్ని చెరిపేసి తనే రన్ నొక్కాడు. బండ్లు రెండువైపులా ఆగాయి. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఆగాయి. అప్పుడు అతని మొహం చూసి నాకు కలిగినంత తృప్తి మరెప్పుడూ కలగలేదు. ఉత్తి రోడ్డు మీద బండ్లు ఆగిపోయే మోడల్‌ని పై ఆఫీసుకి పంపలేం. గ్యాప్‌తోనే పంపాం, రోడ్డు కూడా అలాగే వేశారు.

ఎందుకలా జరిగిందో నాకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్ళని చూస్తే ఇంకా ఒళ్ళు మండుతుంది.

రోడ్డు పూర్తయ్యాక నాంచారయ్య గారు మళ్ళీ వచ్చారు. భార్య పోయిందని చెప్పారు. తిన్నగానే తీసుకెళ్ళారట.

“లారీలు కూడా ఆగాయి అమ్మాయ్. ఒక్కడూ హారను కొట్టలేదు. మీరేమన్నా చెప్పి ఆపించారా?” అని అడిగారు.

లేదండీ అన్నాను. ఆయన నమ్మలేదు. రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టారు.