పేనం బొత్తాం

2012 జూన్‌లో నన్ను విశాఖపట్నం నుంచి విజయనగరం సర్వీస్ సెంటర్‌కు ఏరియా సర్వీస్ ఇంజనీరుగా బదిలీ చేశారు. ఆ ఉత్తర్వులో సూర్యనారాయణ అనే నా పేరు సత్యనారాయణ అని పడింది. దిద్దమని రాశాను. దిద్దిన ఉత్తర్వులో పేరు సరిగా వచ్చింది కానీ హోదా 'మెకానిక్' అయింది. రెండూ సరిగా ఉన్న కాగితం చేతికి రావడానికి పదకొండు నెలలు పట్టింది. మా కంపెనీ పేరు ఇక్కడ రాయకపోవడానికి అదే కారణం. నా పేరు రాయడానికి వాళ్లు తీసుకున్నంత వ్యవధి నేనూ తీసుకుంటున్నాను.

కంపెనీ వీడియో గేమ్ యంత్రాలు తయారుచేసి ఊళ్లలోని పార్లర్లలో పెట్టేది. గది పార్లర్ వాళ్లది, యంత్రం కంపెనీది. భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా, ఇటు బొబ్బిలి దాకా ఉన్న యంత్రాలన్నీ నా పరిధిలోకి వచ్చేవి. నెలకొకసారి వెళ్లి పిడులు, బొత్తాలు, తెర పరీక్షించి జాబ్ కార్డు నింపాలి. ఆ కార్డులో 'వినియోగదారుడి మాటల్లో' అని ఒక గడి ఉండేది. ఫిర్యాదు చేసినవాడు ఏ మాట అంటే ఆ మాటే అక్షరం మార్చకుండా అందులో రాయాలని నిబంధన. ఇది మంచి నిబంధన. ఇంజనీరు తన మాటల్లో రాస్తే, తనకు బాగుచేయడం వచ్చిన లోపమే రాసుకుంటాడు.

మా కంపెనీకి పేరు తెచ్చిన ఆట ఒక్కటే. ఇద్దరు వీరులు పక్కపక్కనే నడుస్తూ ఒక కొండమీది కోట ఎక్కడం ఆ ఆట. దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరు ఉండేది గానీ మా రెండు జిల్లాల్లో అందరూ 'కోటాట' అనేవారు. మొదటి భాగంలో అడవి, రెండో భాగంలో జలపాతాలు. మూడో భాగం చివర వచ్చే కోటను జనం బొబ్బిలి కోట అనే పిలిచేవారు. నాలుగో భాగం కూడా బాగానే ఉండేది. ఈ నాలుగూ ఒకే పాత యంత్రంలో ఆడేవి. పతనం ఐదో భాగంతో మొదలైంది. అందులో బొమ్మ గుండ్రంగా తిరుగుతుంది, చూసేవాడికి కళ్లు తిరుగుతాయి. ఆరో భాగంలో ఆటకు ముందు కథ చెబుతారు. ఆ కథ అయ్యేలోపు స్టేషన్‌కి పాసింజరు వచ్చేసేది.

స్టేషన్ అంటే ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్. దాని ఎదురుగా నాగరత్నంగారి పార్లర్ ఉండేది. కిరాణా వ్యాపారం చేసే కోమట్ల ఇంటి కోడలు. భర్త పోయాక కొట్టు మరుదులు తీసుకుంటే, తన వాటాగా వచ్చిన గోదాము గదిలో నాలుగు యంత్రాలు పెట్టించుకుంది. రైలు కోసం ఎదురుచూసే ధాన్యం బ్రోకర్లు, ఆటోవాళ్లు, కోర్టు పనిమీద శ్రీకాకుళం వచ్చిపోయేవాళ్లు జంటలుగా వచ్చి ఆడేవారు. యంత్రం ముందు కుర్చీలు ఉండేవి కావు, ఇద్దరికీ కలిపి ఒకటే బల్ల. ఎవరికి కోపం వచ్చినా ఇద్దరూ ఊగేవారు.

అక్కడి ఆటకు ఒక కట్టుబాటు ఉండేది. ఒక్కొక్కరికీ మూడు ప్రాణాలు. ఒకరివి అయిపోతే, రెండోవాడు తన పిడి కింద ఉన్న చిన్న నల్ల బొత్తాం నొక్కి తన ప్రాణాల్లోంచి ఒకటి ఇవ్వవచ్చు. మాన్యువల్‌లో దాన్ని ట్రాన్స్‌ఫర్ స్విచ్ అంటారు. శ్రీకాకుళంలో ప్రాణాన్ని 'పేనం' అంటారు కాబట్టి అక్కడ అది పేనం బొత్తాం. అడిగేవాడు అవతలివాణ్ణి 'మావా' అని పిలిచి అడగాలి. వయసు, కులం, చుట్టరికం, హోదా ఏవీ లెక్కలోకి రావు. మావా అనకుండా అడిగితే ఇవ్వరు. అరవై ఏళ్ల బ్రోకరు పాతికేళ్ల ఆటో డ్రైవర్ని మావా అని బతిమాలుతుంటే నాగరత్నంగారు గల్లా దగ్గర కూర్చుని పైట అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ బ్రోకరు అప్పలనాయుడు. రోజూ వచ్చేవాడు. ఆయన రైలెక్కడం మాత్రం నేను రెండుసార్లే చూశాను.

2014 ఆగస్టులో ఏడో భాగం వచ్చింది. కొత్త యంత్రం, ఒకటే పిడి, ఒకటే కుర్చీ. జంట కావాలంటే ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న మనిషితో ఆడాలి. నమూనాగా ఒకటి నాగరత్నంగారి పార్లర్‌లో పెట్టించాం. వారం తర్వాత వెళితే దానిమీద చీపురు ఆనించి ఉంది. ఫిర్యాదు ఏమిటని అడిగాను.

అప్పలనాయుడు చెప్పాడు: "కొత్తదాన్లో పేనం బొత్తాం పోనాది బాబూ. పక్కన మనిసి లేడు. ఓడిపోతే ఎవుల్ని తిట్టాలి, గెలిస్తే ఎవుల్ని ఎక్కిరించాలి? ఒక్కలూ కూకుని ఆడితే అది ఆటేటి, జెరం."

నిబంధన ప్రకారం ముఖ్యమైన వాక్యాన్ని గడిలో ఉన్నదున్నట్టు రాశాను: 'కొత్తదాన్లో పేనం బొత్తాం పోనాది.' కార్డును ప్రధాన కార్యాలయానికి పంపాను. అది వేరే రాష్ట్రంలో ఉంది.

మూడు వారాలకు ఇంగ్లీషులో జవాబు వచ్చింది. 'మీరు ప్రస్తావించిన బొత్తాంలోని పురుగు కొత్త యంత్రంలో తొలగిపోయినట్టు మీరే నిర్ధారించినందుకు ధన్యవాదాలు. ఫిర్యాదు ముగించడమైనది' అని దాని సారాంశం. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా నాకు పురుగు ఎక్కడిదో అర్థం కాలేదు. ఫోన్ చేశాను. తెలుగు కార్డులను ఇంగ్లీషు చేసే గుమాస్తా దొరికాడు. వాళ్ల తాతగారు తెలుగువారట.

"పేను అంటే తలలో ఉండేదే కదండీ. పోయిందని మీరే రాశారు" అన్నాడు.

బొత్తాంలో పేను ఉండేదనీ ఇప్పుడు పోయిందనీ అతను అనువాదం చేశాడు. కంప్యూటర్ వాళ్ల భాషలో లోపాన్ని పురుగు అంటారు కాబట్టి, తమ కొత్త యంత్రంలో లోపం పోయిందని శ్రీకాకుళం జిల్లా మెచ్చుకున్నట్టు సాఫ్ట్‌వేర్ విభాగం అర్థం చేసుకుంది. ఆ మెప్పును నెలవారీ బులెటిన్‌లో కూడా వేశారు. నా పేరు మళ్లీ సత్యనారాయణే.

సవరణ కోరుతూ రసీదు వచ్చే రిజిస్టర్ పోస్టులో మూడు ఉత్తరాలు రాశాను. ముగిసిన ఫిర్యాదు తెరవడానికి వీలు లేదన్నారు. నవంబరులో విశాఖపట్నంలో జరిగిన సమావేశంలో లేచి ఈ సంగతి చెప్పబోతే, ఏరియా సేల్స్ మేనేజరు రవికుమార్ "మెకానిక్‌గారి అభిప్రాయం నోట్ చేసుకోండి" అన్నారు. ఎవరూ పెన్ను తీయలేదు. నేను చూశాను. ఆ గదిలో పద్నాలుగు పెన్నులున్నాయి.

ఆ సమావేశంలోనే సరెండర్ పథకం ప్రకటించారు. పాత యంత్రాలన్నీ వెనక్కి తీసుకుని ముక్కలు చేసి, వాటి స్థానంలో ఏడో భాగం పెట్టాలి. అయితే పార్లర్ ఒప్పందం ప్రకారం, యంత్రం మరమ్మతుకు పనికిరాదని సర్వీస్ ఇంజనీరు సర్టిఫికెట్ ఇస్తేనే దాన్ని కదిలించాలి. నా పరిధిలో మొదటి పేరు ఆమదాలవలసది. నేను సంతకం పెడితే నాగరత్నంగారి నాలుగు యంత్రాలూ వెళ్లిపోతాయి. జంటలు రావడం మానేస్తాయి. ఒంటరిగా కూర్చునే కుర్చీ కోసం ఆ ఊళ్లో ఎవరూ రైలు వదులుకోరు. గది మళ్లీ గోదాము అవుతుంది, తాళం మళ్లీ మరుదుల చేతికి పోతుంది. ఈ మాట ఆవిడ ఒక్కసారే చెప్పింది, మళ్లీ అడగలేదు. నేను సంతకం పెట్టలేదు. రెండు మెమోలు వచ్చాయి.

2015 ఫిబ్రవరిలో రవికుమార్ స్వయంగా వచ్చారు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ బిళ్ల, ఇంగ్లీషు కలిపిన బెజవాడ తెలుగు. నాగరత్నంగారికి నన్ను "మా మెకానిక్" అని పరిచయం చేశారు. ఆవిడకు నేను దాదాపు మూడేళ్లుగా తెలుసు.

"మా ఇంజనీరు బాబే కదా" అంది ఆవిడ.

రవికుమార్ నాలుగు ఫారాలు తీసి బల్లమీద పెట్టి, పెన్ను మూత తీసి నాకు అందించారు. నేను సంచిలోంచి సర్వీస్ మాన్యువల్ తీశాను. పద్నాలుగో నిబంధన చదివి వినిపించాను. యంత్రం పనికిరాదని రాసేముందు జంట పరీక్ష జరగాలి. ఒక మనిషి రెండు పిడులూ పట్టుకోలేడు కాబట్టి, కంపెనీ ఉద్యోగులు ఇద్దరు కూర్చుని ఒక భాగం మొత్తం ఆడాలి. మధ్యలో లేవకూడదు. రెండో పరీక్షకుడు ఏమన్నా ఉన్నదున్నట్టు గడిలో రాయాలి. ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ సమయంలో ఆమదాలవలసలో ఉన్న కంపెనీ ఉద్యోగులం మేమిద్దరమే.

ఇది అవసరమా అన్నారాయన. నేను మాన్యువల్ ఆయనవైపు తిప్పాను. ఆ మాన్యువల్ ముందుమాట కింద సంతకం ఆయనదే.

బల్లమీద పక్కపక్కనే కూర్చున్నాం. మూడో భాగం పెట్టాను. మొదటి పది నిమిషాలు ఆయన పిడిని రెండు వేళ్లతో పట్టుకున్నారు. మొదటి గుట్ట దాటేసరికి గుప్పిటతో పట్టుకున్నారు. రాళ్ల మలుపు దగ్గర ఎక్కడ దూకాలో నాకంటే ముందే దూకారు. ఆ మలుపు తెలియనివాడు అలా దూకలేడు. ఇది ఆయనకు కొత్త ఆట కాదని అప్పుడే అర్థమైంది. మా వెనక జనం చేరారు. అప్పలనాయుడు మా ఇద్దరి భుజాల మధ్య తల పెట్టి సలహాలు మొదలుపెట్టాడు.

కోట గుమ్మం దగ్గర రవికుమార్ మూడో ప్రాణం పోయింది. ఆయన వీరుడు మెట్లమీద పడి మెరుస్తున్నాడు. పది అంకెలు లెక్కపెట్టేలోగా ఇస్తేనే లేస్తాడు. నా దగ్గర రెండున్నాయి. అంకెలు తగ్గుతున్నాయి. నేను కోటవైపే చూస్తున్నాను.

"సూర్యనారాయణగారూ, ట్రాన్స్‌ఫర్ చేయండి" అన్నారు. నా పేరు ఆయన సరిగా పలకడం అదే మొదటిసారి. కానీ కట్టుబాటు కట్టుబాటే.

"అలాగడిగితే ఇవ్వరు బాబూ" అన్నాడు అప్పలనాయుడు మెల్లగా.

నాలుగు. మూడు. రవికుమార్ బల్లమీద సగం లేచారు. ఆ బెజవాడ తెలుగు ఎటు పోయిందో తెలియదు.

"మావా, పేనం ఇయ్యి మావా, సచ్చిపోతన్నాను!"

నేను బొత్తాం నొక్కాను. ఆయన వీరుడు లేచి నిలబడ్డాడు. తర్వాత వచ్చిన నవ్వుకి ప్లాట్‌ఫారం మీద కూలీలు కూడా తొంగిచూశారు. నాగరత్నంగారు ఈసారి పైట అడ్డం పెట్టుకోలేదు.

"ఏ ఊరు బాబూ మీది?" అని అడిగింది.

"బొబ్బిలండీ" అన్నారాయన, తెరమీంచి కళ్లు తిప్పకుండా. ఇద్దరం కోట ఎక్కాం.

మిగతా మూడు యంత్రాల మీద కూడా పరీక్ష చేయాలన్నాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు. రెండో యంత్రం దగ్గరకు నాకంటే ముందే వెళ్లి కూర్చున్నారు. సాయంత్రం పాసింజరు పోయింది. నాలుగు ఫారాల్లోనూ 'పనిచేస్తున్నది' అని రాసి సంతకం పెట్టారు. గడి నింపడానికి నేను పెన్ను తీసినప్పుడు మాత్రం, "అది రాయకండి మావా" అన్నారు. నిబంధన చూపించి, ఆయన అన్నది అక్షరం మార్చకుండా రాశాను. ఈసారి పక్కనే 'పేనం అనగా ప్రాణం. పేను కాదు' అని కూడా రాసి, కింద గీత గీశాను.

రెండు నెలల్లో మా రెండు జిల్లాలకు సరెండర్ పథకం నిలిపివేశారు. అందుకోసం రవికుమార్ రాసిన లేఖ నకలు నా దగ్గర ఉంది. ఏడో భాగంలో ఉన్న లోపాన్ని ఆయన స్పష్టంగా రాశారు: ఆటలోంచి పక్క మనిషిని తీసేశారు, అడగడాన్నీ ఇవ్వడాన్నీ తీసేశారు. మంచి లేఖ. ఆ సంగతి కనిపెట్టింది మాత్రం 'మా ఫీల్డ్ మెకానిక్' అని రాశారు. దిద్దమని రాశాను. ఎనిమిదో భాగం రాలేదు. 2018లో నేను పదవీ విరమణ చేసిన రోజున కూడా నాగరత్నంగారి గదిలో నాలుగు బల్లలూ నిండి ఉన్నాయి. తాళం ఆవిడ కొంగునే ఉంది.

ఆ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నవి రెండు. ఇద్దరి కోసం చేసిన యంత్రాన్ని ఒక్కడు పరీక్షించి తీర్పు చెప్పకూడదు. ఇది మాన్యువల్‌లో ఉంది. వినియోగదారుడి మాట ఉన్నదున్నట్టు రాయాలి, పక్కన దాని అర్థం కూడా రాయాలి. ఇది మాన్యువల్‌లో లేదు. చేర్చమని ఐదు ఉత్తరాలు రాశాను. ఐదో ఉత్తరానికి జవాబు వచ్చింది, సత్యనారాయణగారికి.