చలికి పోయిన పాదాలు

ఫ్రీమాంటిల్ రేవు ఊళ్ళో ఎండకి కాకి ఎగిరితే వేపుడై కింద పడుతుంది. అలాంటి ఊళ్ళో ఉంటూ, తన రెండు పాదాలూ చలికి పోయాయని కార్నీ హాన్రహన్ చెబితే ఎవరు నమ్ముతారు? ఇక్కడ పుట్టినవాళ్ళు మంచుని కలలో కూడా చూసి ఎరగరు. చలికి ముక్కు కారుతుంది గానీ కాళ్ళు ఊడతాయా అని సారాకొట్టు దగ్గర పడీపడీ నవ్వేవాళ్ళు.

పదిహేనేళ్ళ కిందట క్రిమియాలో రష్యావాళ్ళతో యుద్ధం చేసొచ్చాడు కార్నీ. చంకల్లో కర్రలేసుకుని నడిచేవాణ్ణి పనిలో పెట్టుకునేదెవరు? అందుకే, రేవు గేటు కాపలా ఉద్యోగం యుద్ధంలో అవిటైన సిపాయికే ఇస్తామని ఊరిపెద్దలు చాటించేసరికి అతని పెళ్ళాం విన్నీకి ప్రాణం లేచొచ్చింది. కూర్చుని చేసే పని, పైగా ఉండడానికి ఇల్లు. పోటీకి దిగింది సైలస్ హాబ్డే ఒక్కడే. వాడూ ఒకప్పటి సిపాయే. కానీ కాలు పోయింది మాత్రం తాగి ఎద్దులబండి కింద పడ్డప్పుడని ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు. తెలియనిది పెద్దలకే.

విన్నీ మొగుడి చొక్కాకి బొత్తాలు పెడుతూ నూరిపోసింది. "ఫిరంగిగుండు అను, చాలు. మంచు మాటెత్తావో, మర్యాద దక్కదు."

ఊరిపెద్దల కచేరీ లోపల, రిటైరైన మేజరొకాయన ఆ కాళ్ళవంక చూసి ఏం తగిలిందని అడిగాడు. కార్నీ నోట్లో ఫిరంగి సిద్ధంగానే ఉంది. కానీ ఆ మంచులో తన పక్కనే పడుకుని పొద్దున లేవని తొమ్మిదిమంది గుర్తొచ్చారు.

"బూట్లు తగిలాయి దొరగారూ," అన్నాడు. "పిల్లల కొలత బూట్లు పంపారు. వాచిన కాళ్ళకి ఒకసారి విప్పితే మళ్ళీ ఎక్కవని నెల్లాళ్ళు విప్పలేదు. విప్పినరోజు వేళ్ళు అందులోనే ఉండిపోయాయి. మిగిలిన పాదాలు డాక్టరు కోసేశాడు."

మేజరు మొహం కందగడ్డయింది. "మంచు మేమూ చూశామోయ్ ఇంగ్లండులో. మా కాళ్ళేం ఊడలేదే. రాణిగారి బూట్లకి వంకలు పెట్టేవాడికి రాణిగారి గేటెలా అప్పగిస్తాం?"

హాబ్డే మాత్రం పదమూడు ఫిరంగులకి ఒంటరిగా ఎదురెళ్ళానన్నాడట. మేజరు లేచి నిలబడి మరీ తాళంచెవులు చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చాక విన్నీ అడిగింది. "ఒక్క అబద్ధం. దానికీ కాళ్ళు కావాలా నీకు?"

"గుండు తగిలిందంటే, ఆ బూట్లు పంపినవాడు బతికిపోతాడే."

"వాడెలాగూ బతికే ఉన్నాడు. చచ్చేది మనం."

పక్షం రోజులు గడిచాయి. ఆ తర్వాత ఒక సోమవారం విన్నీ గేటు ఇంటికి వెళ్ళి, హాబ్డే మాసిన చొక్కాలు కూలికి ఉతకడానికి తెచ్చుకుంది. ఆమె ఉతికింది. కార్నీ కింద కూర్చుని పిండాడు.