సరైన బెల్టు దొరకని బావగారు

మా బావగారికి లోకంలో ఏ వస్తువైనా సరిపోతుంది. ఆయన కారుకు మాత్రం ఏ బెల్టూ సరిపోదు. ఆయనను ఎరిగిన వారందరూ ఏకగ్రీవంగా ఆమోదించిన విషయమిది. కాలరు బిగుతైన చొక్కా, ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీ, చల్లారిన కాఫీ, బావమరిదిగా నేను: వీటన్నింటినీ ఆయన ఏ అభ్యంతరమూ తెలపకుండా స్వీకరించారు. బెల్టు దగ్గరకు వచ్చేసరికి మాత్రం తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి విశ్రాంతి పొందిన ఆ మహానుభావుడిలోని అధికారి మేల్కొనేవారు.

సదరు కారు మా మేనకోడలి కంటే వయసులో పెద్దది. దాని ఇంజను ముందు రెండు బెల్టులు తిరుగుతాయి. లోపలిది నీళ్ళ పంపును తిప్పేది. దాని విషయంలో బావగారు ఎన్నడూ అశ్రద్ధ చూపలేదు. బయటిది కేవలం ఏసీని తిప్పేది. వివాదమంతా ఈ రెండవ దాని గురించే. ఏసీ మీట నొక్కిన మరుక్షణం అది కీచుమని పెట్టే కేకకు గోడల మీది పిల్లులు సైతం తమ పోట్లాటలు వాయిదా వేసుకునేవి.

అంతటి కేక వేసే ఏసీని ఆయన ఎండాకాలంలో వాడితే సబబే. చలికాలంలోనూ, సరిగ్గా మా సందు మలుపు రాగానే, తప్పనిసరిగా వేసేవారు. పక్క సీటులో మా అక్కయ్య కొంగు చెవుల చుట్టూ చుట్టుకునేది.

“పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఇప్పుడు ఏసీ ఎందుకండీ?”

“ఇంజనుకు ఉక్కగా ఉంటుందే.”

“ఇంజనుకా! కట్టుకున్నదానికి చలేస్తుంటే పట్టదు గానీ ఇంజనుకు విసనకర్ర పడుతున్నారా?”

“నీకు తెలీదులే, ఊరుకో.”

ప్రతి గురువారం ఉదయం ఆయన విడిభాగాల దుకాణానికి వెళ్ళేవారు. అక్కడ బల్ల మీద బెల్టులు వరుసగా పెట్టించి ఉపన్యాసం ఆరంభించేవారు. పాత బెల్టు సాగి ఉంటుంది కనుక దాని పొడవు కొలిచి కొత్తది కొనడం అవివేకమనీ, కొత్తది చక్రపు గాడి అంచుతో సమంగా కూర్చోవాలే గానీ అడుగుకు దిగిపోకూడదనీ, బిగించాక బొటనవేలితో నొక్కితే కొంచెం లొంగాలే తప్ప వేలాడకూడదనీ వివరించేవారు. ప్రతి అక్షరమూ సత్యమే. చివరికి అన్నింటినీ తిరస్కరించేవారు.

“సార్, పోయిన వారం మీరు వద్దన్న బెల్టే ఇది,” అని దుకాణదారు ఒకసారి మొర పెట్టుకున్నాడు.

“అందుకే ఈ వారమూ వద్దంటున్నాను. నేను మాట మీద నిలబడే మనిషినయ్యా.”

ఇది చాలదన్నట్టు ఆయన ఒక సలహాదారును కూడా నియమించుకున్నారు. సందు మలుపు ఇంట్లో ఒంటరిగా ఉండే కుట్టుపని టీచరమ్మ గారే ఆ సలహాదారు. ఆమెకు చూపు బాగా మందగించింది. వారం వారం వైద్యం చేయించుకోకపోతే ఉన్న కాస్తా పోతుందని డాక్టరు హెచ్చరించినట్టు సందంతటికీ తెలుసు. తోడు వస్తామన్న వారికి ఆమె ఇచ్చిన జవాబు కూడా అందరికీ తెలుసు: “మందగించింది నా కళ్ళమ్మా, కాళ్ళు రాజీనామా ఇవ్వలేదు. ఒకరి చెయ్యి పట్టుకు పోవాల్సొస్తే ఆ వైద్యమే మానేస్తాను.” ఆ జవాబు విన్నవారు మళ్ళీ అడిగే సాహసం చేయలేదు.

గురువారం కారు కీచుమనగానే ఆమె గేటు దగ్గరకు వచ్చి మందలించేవారు.

“ఏమయ్యా, ఇంకా మార్చలేదూ ఆ బెల్టు?”

“సరైంది దొరకలేదండీ టీచరమ్మా. మీ వేళ్ళకు తెలిసినంత నా కళ్ళకు తెలీదు. కాస్త వచ్చి చూసి పెట్టకూడదూ?”

“నేను లేకపోతే ఈ సందులో ఒక్క పనీ కాదు,” అంటూ ఆమె కారెక్కేవారు.

ఇట్లుండగా బావగారి పుట్టినరోజు వచ్చింది. అది బుధవారం. ఆయనకు శాశ్వతంగా గుర్తుండిపోయే కానుక ఇవ్వాలని మా అక్కయ్య నిశ్చయించి, ఆయన నడకకు వెళ్ళిన సమయంలో మెకానిక్కును పిలిపించింది. అతడు పానా కోసం డిక్కీ తెరిచి స్టెప్నీ టైరు పైకెత్తి, కింద ఉన్న అట్టపెట్టెను ఆశ్చర్యంగా చూశాడు.

“అమ్మగారూ, బెల్టు ఇక్కడే ఉందే! అచ్చం ఈ బండిదే. పెట్టె కూడా విప్పలేదు.”

“ఆయనకు ముక్కు మీది కళ్ళజోడే కనబడదు నాయనా. బిగించెయ్.”

మెకానిక్కు బోల్టు వదులు చేసి, నున్నగా అరిగి గాడి అడుగుకు జారిపోయిన పాత బెల్టును తీసి, కొత్తది ఎక్కించి, బొటనవేలితో నొక్కి చూశాడు. అది మా బావగారి ఉపన్యాసంలో చెప్పినట్టే లొంగింది. ఏసీ వేస్తే చీమ చిటుక్కుమనలేదు.

మరునాడు నేను కూడా ఆయన వెంట కారులో ఉన్నాను. సందు మలుపు రాగానే ఆయన ఏసీ వేశారు. నిశ్శబ్దం. ఆపి మళ్ళీ వేశారు. నిశ్శబ్దమే. పళ్ళ సెట్టు పోగొట్టుకున్న వక్తలా ఆయన ముఖం వెలవెలబోయింది. టీచరమ్మ గారి గేటు మూసే ఉంది.

“హారన్ కొట్టండి బావగారూ,” అన్నాను.

“కొట్టకూడదు.”

“ఏం?”

“హారన్ కొడితే ఆవిడ కోసం వచ్చినట్టవుతుంది కదయ్యా!” అని, నా వైపు జాలిగా చూశారు. “బెల్టుల దుకాణం ఎదురుగా ఏముంది?”

“కంటి ఆసుపత్రి.”

“మరి? ‘ఎలాగూ ఇంత దూరం వచ్చాం, పనిలో పనిగా చూపించుకు వస్తాను’ అని ఆవిడే అంటుంది. నేను దొరకని బెల్టు కోసం వెతుక్కుంటూ ఉంటాను. ఒక్క గురువారమే కీచుమంటే ఆవిడకు అనుమానం రాదూ, అందుకే రోజూ ఏసీ. మధ్యాహ్నమైతే డాక్టరు వెళ్ళిపోతాడు. పద, ఇంటికి పద!”

ఇంటి ముందు మా అక్కయ్య విజయోత్సాహంతో నిలబడి ఉంది. “ఎలా ఉంది నా కానుక?”

“పాత బెల్టు ఏదే?”

“చెత్తడబ్బా మూత ఎగిరిపోకుండా చుట్టాను. ఎందుకూ?”

ఆయన బానెట్ ఎత్తి కొత్త బెల్టు విప్పడం మొదలుపెట్టారు. సంగతి నేను అక్కయ్యకు విన్నవించాను.

“ఈ ముక్క నాతో చెప్పి ఏడవచ్చుగా! ఇన్నాళ్ళూ చలికి గడ్డకట్టుకుపోయాను కదండీ!” అంటూనే గబగబా వెళ్ళి చెత్తడబ్బాకున్న బెల్టు తెచ్చి, కొంగుతో తుడిచి మరీ అందించింది.

బావగారు దానిని ఎక్కించి, బొటనవేలితో నొక్కి, ఇంకొంచెం వదులు చేశారు. తూనికలు, కొలతల శాఖలో మచ్చ లేకుండా పనిచేసిన మనిషి తెలిసి తెలిసి కొలత తప్పించడం నేను చూడటం అదే ప్రథమం.

ఈసారి అక్కయ్య కూడా వెనక సీటులో నా పక్కన కూర్చుంది. మలుపులో కారు వెనకటి వైభవంతో కీచుమంది. గేటు తెరుచుకుంది.

“ఇవాళ ఇంత ఆలస్యమా? బెల్టు తెగిందేమో అనుకున్నాను,” అన్నారు టీచరమ్మ గారు.

దుకాణంలో ఆమె చేతికి ఒక బెల్టు అందింది. దాని మీది నంబరు నేను చదివాను. డిక్కీలోని పెట్టె మీద ఉన్న నంబరే అది. ఆమె దానిని మడిచి చూశారు, అంచు వెంట గోరు నడిపించారు, గాడి వెడల్పును వేళ్ళతో తడిమారు.

“ఊహూఁ. నూలుపోగంత వెడల్పు ఎక్కువ. ఇది కాదు. వచ్చే వారం చూద్దాం.”

“మీరు ఎలా అంటే అలాగే,” అన్నారు బావగారు వినయంగా. దుకాణదారు బెల్టును తిరిగి కొక్కేనికి తగిలించాడు.

“ఎలాగూ ఇంత దూరం వచ్చాం, పనిలో పనిగా...” అంటూ రోడ్డు దాటడానికి టీచరమ్మ గారు మా అక్కయ్య మోచెయ్యి పట్టుకున్నారు. వెంట నేనూ నడిచాను. రెండడుగులు వేశాక, బావగారికి వినపడకుండా గొంతు తగ్గించారు.

“అమ్మాయ్, వచ్చే వారం నువ్వూ వస్తే ఒక శాలువా తెచ్చుకో. సరైన బెల్టు ఇప్పట్లో దొరకదు. ఆయన ఆ ఏసీ ఆపడు.”